పేరు కొట్టిన గిలాస

మొన్న బోధన్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో మా ఆడబిడ్డ మనుమరాలి పెండ్లికి పోయాను. ఇప్పటి పెండ్లిళ్లలో అక్షింతలు వేసే సేపు కన్నా భోజనాల వరసలో నిలబడే సేపే ఎక్కువ. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో నీళ్ల ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూస్తే నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వస్తాయి. ఆ గ్లాసును గట్టిగా పట్టుకుంటే నలిగి పట్టుచీర మీద నీళ్లు పోస్తుంది. మెత్తగా పట్టుకుంటే జారిపోతుంది. బల్ల మీద పెడితే ఫ్యాను గాలికి ఎగిరి పక్కవాళ్ల పప్పులో పడుతుంది. నీళ్లు పట్టడం తప్ప వేరే పనిలేని వస్తువుకు ఆ ఒక్క పనీ సరిగ్గా రాదు. అయినా దాన్నే నెత్తిన పెట్టుకున్నాం. నేను మాత్రం నా సంచిలోంచి స్టీలు గిలాస తీసి నీళ్లు పట్టుకున్నాను. "గిలాసమ్మ వచ్చిందిరో" అని మా మరుదుల గుంపులోంచి ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. బడిలో చదువు చెప్పినంత కాలం టీచరమ్మ అనిపించుకున్నదాన్ని, రిటైరయ్యాక గిలాసమ్మనయ్యాను. "నువ్వొక్కదానివి మానితె అయితదా వదినా, ఊకె సంచి బరువు" అని ఒకాయన హితవు చెప్పాడు. చెబుతూనే చిన్న నీళ్ల సీసా మూత తిప్పి, రెండు గుటకలు తాగి, మిగతా నీళ్లతో సహా కుర్చీ కిందికి వదిలేశాడు.

పెండ్లికూతురి చెల్లెలు, చిన్నపిల్ల, నా పక్కనే నిలబడి గిలాసను తిప్పి తిప్పి చూసింది. దాని నడుము మీద ఒక పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. "అమ్మమ్మా, గిది నీ పేరు గాదు గదా, ఎవరిది?" అన్నది. "మా వదినది" అన్నాను. "ఆమె రాలేదా పెండ్లికి?" అన్నది. "వచ్చింది" అన్నాను. పిల్ల అటూ ఇటూ చూసి, కొత్త ముఖం ఏదీ కనపడక, ఐస్‌క్రీం దగ్గరికి పరుగెత్తింది. దానికి ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా మేనత్త ఊరు రుద్రూర్ దాటి లోపలికి పోతే వస్తుంది. ఊరి పేరు ఎందుకు లెండి, చెబితే ఇంకో నాలుగు ఊళ్లవాళ్లు అది తమదే అనుకుంటారు. నేను పుట్టి పెరిగింది నిజామాబాద్ టౌన్లో. బడికి సెలవులు రాగానే బాపు నన్ను బస్సెక్కించి అత్త ఇంట్లో దింపి వచ్చేవాడు. అప్పట్లో ఆ దారి పొడుగునా చెరుకే. కిటికీలోంచి చెయ్యి బయట పెడితే ఆకు గీసుకుని నెత్తురొచ్చేది. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే కాలమైతే మా బస్సు వాటి వెనుకే నడిచేది, ఎద్దుల కన్నా వేగంగా పోవడానికి రోడ్డు సరిపోదు. బండ్ల వెనుక పిల్లలు గడలు లాక్కుంటూ ఉరికేవాళ్లు. ఫ్యాక్టరీ దగ్గరికి రాగానే గాలంతా కాగిన చెరుకు వాసనతో తియ్యగా, కొంచెం కడుపులో తిప్పేటట్టు ఉండేది. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, దాని కూతా లేదు. చెరుకు తోటలు తగ్గి వరి పెరిగింది. బస్సులు వేగంగానే పోతున్నాయి, కానీ నాకు ఆ ఊళ్లో దిగే పని లేదు.

అత్త పొట్టి మనిషి. ముక్కుసూటి మనిషి అని మా ఇంట్లోవాళ్లు అనేవాళ్లు, నోరు దురుసు అని ఊరివాళ్లు అనేవాళ్లు. రెండూ ఒకటే, ఇటునుంచి చూస్తే ఒకటి, అటునుంచి చూస్తే ఇంకొకటి. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక పెద్ద తాళంచెవి ఉండేది. అది ఆమె ఇంటిది కాదు, ఊరిది.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరైనా పోతే, దినాల రోజున పోయినవాళ్ల పేరు కొట్టించి కొన్ని తలెలు, గిలాసలు ఊరికి ఇచ్చేవాళ్లు. తలె అంటే పళ్లెమే, మా దిక్కు అట్లా అంటాం. ఆ సామాను అంతా ఊరి పెద్దల కమిటీ ఇంటి పక్కనున్న అర్రలో పెట్టి తాళం వేసేవాళ్లు. పెండ్లయినా, బారసాలైనా, చావైనా, ఊళ్లోవాళ్లు వచ్చి తీసుకుపోయి, పని అయ్యాక తోమించి తెచ్చివ్వాలి. కిరాయి లేదు. ఆ తాళం అత్త చేతికి రావడానికి కారణం ఆమె నోరే. అంతకుముందు తాళం పట్టిన పెద్దమనిషి మొగమాటస్తుడు, ఎవరినీ ఏమీ అనలేక సగం గిలాసలు పోగొట్టాడు. అత్తకు మొగమాటం పుట్టుకతోనే లేదు. పెండ్లి అయిన మరునాడు గిలాసలు సరిపోకపోతే ఇల్లిల్లూ తిరిగేది. కోళ్లగూటిలో దొరికేది ఒకటి, ఊరగాయ జాడీ మీద మూతగా దొరికేది ఇంకొకటి. ఒకసారి ఒక ముసలాయన మంచం కింద, ఆయన పండ్లసెట్టు నానేసిన గిలాస దొరికింది. "నా పండ్లెక్కడ పెట్టుకోవాలె?" అని ఆయన లబలబలాడితే, "నోట్లె పెట్టుకో, అందుకే చేసిండ్రు" అని గిలాస ఖాళీ చేసి పట్టుకొచ్చింది.

ఊళ్లో ఏ పెండ్లికి పోయినా భోజనాల దగ్గర ముందు తలె మీద పేరు చదువుకోవడం ఒక సరదా. "ఇయ్యాల నాకు మా తాత వచ్చిండు" అని ఒకడు, "నాకు గా పక్కింటి బుడ్డవ్వ వచ్చిందిరా, బతికున్నప్పుడు ఒక్కనాడు ముద్ద పెట్టలె" అని ఇంకొకడు. ఒక కోడలైతే తన అత్త పేరున్న తలె ముందుకు రాగానే పక్కకు తోసేసింది. "ఉన్నప్పుడు కడుపు నిండ తిననియ్యలె, ఇప్పుడు ఆమె తలెల తింటె అరుగుతదా?" అన్నది. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆ నవ్వులో పోయినవాళ్ల మీద కోపం ఉండేది, ప్రేమ ఉండేది, మొత్తానికి వాళ్లు మన మధ్యనే ఉండేవాళ్లు. ఆ ఊళ్లో చచ్చినవాళ్లు కూడా పెండ్లికి వస్తారని నేను చిన్నప్పుడు నిజంగానే నమ్మాను.

అత్తకు ఒక్కతే బిడ్డ. నాకన్నా కొన్ని నెలలు పెద్ద, కాబట్టి వరసకు వదిన. మేము ఒకరినొకరం "ఏమే వదినా" అని పెద్దవాళ్ల తీరుగా పిలుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని దెప్పుకునేవాళ్లం. తనకు పెండ్లిళ్లంటే పిచ్చి. ఊళ్లో ఎవరి పెండ్లయినా పిలుపుతో పని లేదు, డప్పు వినిపిస్తే జడ సగం అల్లుకునే ఉరికేది. నన్నూ లాక్కుపోయేది. పెండ్లికూతురి వెనుక నిలబడి, "నా పెండ్లిల బంగారు రంగు చీర గాదు, పసుపు కొమ్ము రంగు" అని నా చెవిలో చెప్పేది. వాళ్లింట్లో పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా చేతులూ కాళ్లూ అదే రంగులో ఉండేవి. అత్త కూడా తక్కువది కాదు. పసుపు అమ్మినప్పుడల్లా బిడ్డ కాపురానికని తలె ఒకటి, గిలాస ఒకటి కొని పెట్టెలో దాచేది.

ఆ పెట్టె నిండకముందే వదిన పోయింది. జ్వరం వచ్చింది, అది మెదడుకెక్కింది, నిజామాబాద్ ఆసుపత్రికి తెచ్చేసరికి చెయ్యి దాటింది. పెండ్లికాని పిల్లకు దినాలు ఘనంగా చెయ్యొద్దని పెద్దలు అన్నారు. అత్త ఎవరితోనూ కొట్లాడలేదు. పెట్టెలో ఉన్న సామానంతా గంపలకెత్తి, మామను వెంటబెట్టుకుని బోధన్ బజారుకు పోయింది. అక్కడ స్టీలు కొట్టు ముందు చిన్న ఉలితో పేర్లు కొట్టే ఆయన ఉండేవాడు. టక్కు టక్కుమని ఒక్కొక్క చుక్క పడుతుంటే అత్త ఆయన ఎదురుగా కూర్చుని, ఆఖరి గిలాస దాకా కదల్లేదని మామ తర్వాత చెప్పాడు. ఆ సామాను ఊరి అర్రలో చేరింది. "దాని పెండ్లి నేను జూడలె. ఊళ్లె పెండ్లిళ్లన్ని అది జూడాలె" అన్నది అత్త. అప్పటి నుంచి ఆ ఊళ్లో వదిన లేని పెండ్లి లేదు. నా పెండ్లి టౌన్లో జరిగినా అత్త ఆ గిలాసలు సంచిలో వేసుకుని వచ్చింది. నాకు, మా ఆయనకు మొదటి మంచినీళ్లు వాటిలోనే ఇచ్చింది. ఇదంతా తెలియనివాళ్లకు అత్త గిలాసల కోసం ఎందుకంత కొట్లాడుతుందో అర్థమయ్యేది కాదు, లోభి అనేవాళ్లు.

ప్లాస్టిక్ ఒక్క రోజున రాలేదు. మొదట చాయ దగ్గర వచ్చింది. తర్వాత నీళ్ల దగ్గర, ఆ తర్వాత కూర గిన్నెల దగ్గర, చివరికి అన్నం దగ్గరికి వచ్చింది. మొదట్లో కలిగినవాళ్లే వాడేవాళ్లు, కాబట్టి లేనివాళ్లు అప్పు చేసైనా వాడారు. "తలెలు తెస్తె గరీబోళ్లు అనుకుంటరు పెద్దమ్మా" అని ఒక పెండ్లికొడుకు అత్తతో మొహం మీదే అన్నాడు. "మీ తాత పేరున్న తలెరా గది" అంటే, "తాత గరీబోడే గదా" అన్నాడు. 

ఒకనాడు ఈ సంగతి మీద కమిటీ ఇంటి ముందు పంచాయితీ లాంటిది జరిగింది. ఊరంతా తలెలు మానేస్తే ఎట్లా అని అత్తే పెట్టించింది. అక్కడ ఆమె ఊహించని మాటలు రెండు వినబడ్డాయి. మొదటిది బోళ్లు తోమే ఆమె అన్నది. ప్రతి పెండ్లికీ ఆ తలెలన్నీ తోమేది ఆమే, ఆమె ఇంటివాళ్లే. "ఎవల పేరుంటె నాకేంది అక్కా, తోముడు నాదే గదా. సూడు" అని రెండు చేతులూ ముందుకు చాపింది. బూడిదా, పీచూ, చన్నీళ్లూ తిని తిని ఆ చేతులు నెర్రెలిచ్చాయి. "ప్లాస్టిక్ వచ్చినంక గిప్పుడే జర మెత్తగైతున్నయి" అన్నది. రెండో మాట ఊరి చివరి వాడ నుంచి వచ్చినాయన అన్నాడు. ఆయన కోపంగా కూడా అనలేదు. "మాకెన్నడన్న ఇచ్చిండ్రా గా తలెలు? మేం సచ్చినోళ్లం గాదా? మా పేర్లు కొట్టరాదా? ప్లాస్టిక్ గిలాసకు కులం లేదమ్మా, అందరికొక్కటే."

నిజమే. ఆ అర్రలో వాడవాళ్ల పేర్లు లేవు. అర్రలోని సామాను ఎన్నడూ వాడకు పోలేదు. ఊరుమ్మడి, ఊరుమ్మడి అని మేమంతా గొప్పగా చెప్పుకున్నది సగం ఊరి ఉమ్మడి.  మరుసటి పెండ్లి వాడలో ఉందని తెలియగానే అత్త తానే తాళం తీసి, తలెలు, గిలాసలు బండిలో వేయించి పంపింది. వదినవి ముందు పెట్టింది. తిరిగొచ్చాక తోమడానికి ఎవరినీ పిలవలేదు, బోరింగు దగ్గర తానే పీట వేసుకుని కూర్చుంది. ఆ వయసులో, ఆ నడుంతో. చూసి ఆగలేక బోళ్లు తోమే ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. తలెలు వాడకు పోయొచ్చాయని తెలియగానే, అప్పటిదాకా తీసుకుపోయే ఇండ్లవాళ్లు కూడా మానేశారు. వాడకు పోయొచ్చినవాటిలో మేం తినం అని ఎవరూ అనలేదు. అంత మాట అనే రోజులు పోయాయి కదా. "సఫాయి ఉంటది అక్కా, ఎవల గిలాస వాళ్లు తాగి పారేస్తరు" అన్నారు. శుభ్రత అన్నారు, రోగాలన్నారు, కాలం మారిందన్నారు. ప్లాస్టిక్ గ్లాసుకు కులం లేదన్న ఆ వాడ మనిషి మాట ఎంత నిజమో, అదే గ్లాసు వెనుక కులాన్ని దాచుకోవచ్చన్నది అంతే నిజమని నాకు అప్పుడు తెలిసింది. పర్యావరణం మీద బడిలో పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పాను! ఈ ఒక్క పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

తాగి పారేసినవి ఎక్కడికి పోతాయి? ఊరి పక్కనుంచి కాలువ పోతుంది. దాని కింద ఆంధ్ర నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు ఉంది. ఒక పెండ్లిళ్ల కాలంలో వాళ్ల తూము పూర్తిగా పూడుకుపోయింది. క్యాంపువాళ్లు తూములో ఇరుక్కున్న గ్లాసులు, ప్లేట్లు, కవర్లు అన్నీ తోడి, ట్రాక్టరు ట్రాలీలో నింపుకుని వచ్చి కమిటీ ఇంటి ముందు కుమ్మరించారు. వాళ్లలో ఒక పెద్దావిడ చేతులు కట్టుకుని మెల్లగానే అన్నది. "మా పొలాలకి నీళ్లు రావట్లేదండీ. మీ పెళ్లిళ్లు మాత్రం వస్తున్నాయి."

ఊరు సిగ్గుపడింది. సిగ్గు ఉన్నన్నాళ్లు మంచి పనులే జరుగుతాయి. మా జిల్లాలో ఊరి కమిటీ అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను, సర్పంచి మాట దాటవచ్చు గానీ కమిటీ మాట దాటలేరు. ఊళ్లో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు బందు, ఎవరు అమ్మినా ఎవరు వాడినా జుర్మానా కట్టాలి అని కమిటీ తీర్మానం చేసి డప్పు కొట్టించింది. అత్త ఆ రోజే నాకు ఫోను చేసింది. "పిల్లా, మల్ల మన తలెలకు దినమొచ్చింది" అన్నది. నేను పోయి చూసేసరికి అర్రలోని సామానంతా వాకిట్లో ఎండకు పరిచి ఉంది. చింతపండు, బూడిద పెట్టి అన్నీ తోమింది. కళ్లు చెదిరిపోయేటట్టు మెరుస్తున్నాయి. బోళ్లు తోమే ఆమెకు ఈసారి కూలి కమిటీయే ఇవ్వాలని, వాడ నుంచి కూడా పేర్లు కొట్టించిన తలెలు తీసుకోవాలని అడిగిందట, వాళ్లు సరేనన్నారట. అత్తను అంత సంతోషంగా నేను వదిన పోయాక చూడలేదు.

అయితే మా ఊళ్లలో ఇంకో పద్ధతి ఉంది. ఏడాదికోసారి కమిటీ వేలం పాట పెడుతుంది. ఊళ్లో కోడికూర ఎవరు అమ్మాలి, కూల్‌డ్రింకులు ఎవరు అమ్మాలి, అన్నీ పాటే. ఎక్కువ పాడినవాడే అమ్మాలి, ఇంకెవరు అమ్మినా జుర్మానా. ఆ డబ్బుతో గుడికి సున్నమో, ఊరి ముందు కమానో. ఆ ఏడు పాట రోజున అత్త మరిది కొడుకు లేచాడు. కిరాణం కొట్టు నడుపుతాడు. అత్తకు బిడ్డ లేదు కాబట్టి, పెద్దమ్మా పెద్దమ్మా అంటూ మంచీ చెడూ చూసేది కూడా అతనే. "బందు పెట్టిండ్రు, మంచిదే. గని దొంగతనంగ ఎవడో అమ్ముతనే ఉంటడు. ఒక్కనికే ఇస్తె కంట్రోల్ ఉంటది, కమిటీకి ఆమ్దానీ ఉంటది" అన్నాడు. పెద్దమనుషులకు ఈ మాట చాలా తెలివిగా వినిపించింది. నిషేధం తీసెయ్యలేదు సుమండీ. నిషేధం నిషేధంగానే ఉంచి, నిషేధించిన వస్తువు అమ్ముకునే హక్కు పాట పెట్టారు. అతనే పాడుకున్నాడు. ఇట్లాంటి తెలివి ఏ దేశంలోనైనా ఉందో లేదో నాకు తెలియదు, మా దగ్గర మాత్రం చప్పట్లు కొట్టారు.

అంతటితో ఆగినా బాగుండేది. పాట పాడినవాడు పెట్టుబడి రాబట్టుకోవాలి కదా. అత్త ఉత్తగా తలెలు ఇస్తుంటే తన సరుకు కదలడం లేదని అతను కమిటీలో ఫిర్యాదు చేశాడు. అత్తను పిలిచారు. "నువ్వు సదువుకున్నదానివి, వచ్చి నాలుగు మాటలు చెప్పు" అని ఆమె అడిగితే నేనూ పోయాను. మమ్మల్ని మర్యాదగా కుర్చీల్లో కూర్చోబెట్టి, మాట్లాడకముందే చాయ తెప్పించారు. ప్లాస్టిక్ గ్లాసుల్లో. నేను కాలువ గురించి, పశువుల కడుపుల గురించి, భూమి గురించి నాకు తెలిసింది చెప్పాను. "మేడం మంచిగ జెప్పింది" అన్నారందరూ.

మరిది కొడుకు తల వంచుకునే అన్నాడు, "పెద్దమ్మా, నువ్వు ఉత్తగ ఇస్తె నా పాట ఏం గావాలె?"

"ఊరు వద్దన్నది అమ్ముటానికి నీకు హక్కుంది. ఊరోళ్లు ఇచ్చింది ఊరోళ్లకిచ్చుటానికి నాకు లేదారా?" అన్నది అత్త.

కమిటీ పెద్ద ఆమె ముఖం చూడకుండా, "ఉన్నది చిన్నమ్మా, ఎవరు గాదన్నరు? గని పాట పాటనే గదా. పాటకు అడ్డమొస్తె ఎవలకైన జుర్మానానే" అన్నాడు.

ప్లాస్టిక్ వాడినందుకు ఆ ఊళ్లో ఒక్కరికీ జుర్మానా పడలేదు. తలెలు ఇచ్చినందుకు మా అత్తకు పడింది. ఆమె కొంగుముడి విప్పి కట్టింది. తాళంచెవి కూడా అక్కడే బల్ల మీద పెట్టించుకున్నారు. ఇంటికి నడుస్తుంటే ఆ చెయ్యి ఏదో పోగొట్టుకున్నట్టు ఊరికే మూసుకుని తెరుచుకుంటూ ఉంది. నేను ఏదో అనబోతే, "ఇగ నడువు" అన్నది.

కొన్నాళ్లకు ఆ అర్ర మరిది కొడుకు సరుకు పెట్టుకోవడానికి కావాల్సి వచ్చింది. సామాను పాత బోళ్లవాళ్లకు అమ్మేద్దామన్నారు. అత్త వెళ్లి, తన బిడ్డ పేరున్నవి తనకు ఇవ్వమని అడిగింది. "ఒక్కలకిస్తె అందరడుగుతరు" అన్నారు. అందరూ అడుగుతారని భయపడ్డారు గానీ, ఊళ్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మా తాతవి మాకియ్యండి, మా అమ్మవి మాకియ్యండి అని అడగలేదు. తూకం వేసే రోజున అత్త వాకిట్లో నిలబడి చూసింది. తాతలు, అవ్వలు, పసుపు కొమ్ము రంగు చీర కట్టుకోవాలనుకున్న మా వదిన, అందరూ ఒక్క గోనెసంచిలో గలగలమంటూ పడ్డారట. కమిటీ పెద్దకు ఎందుకో అనుమానం వచ్చి, "చిన్నమ్మా, నీ బిడ్డవాట్ల గిలాస ఒకటి తక్కువొస్తున్నది?" అని అడిగాడట. ఒక్క గిలాస కోసం ఊరంతా తిరిగిన మనిషి, "ఏమో, పోయింది" అన్నదట. 

తాళం ఇచ్చే నాటికే అది అత్త బియ్యం డబ్బాలో చేరింది. నేను ఆఖరుసారి పోయినప్పుడు అత్త మంచంలోనే ఉంది. నన్ను డబ్బాలో చెయ్యి పెట్టమన్నది. బియ్యంలోంచి తీసి ఇస్తే కొంగుతో తుడిచి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "దాసిపెట్టకు. నలుగురున్న కాడ తీసి తాగు. దానికి పెండ్లిళ్లంటె పానం" అన్నది. నేను ఆ మాటే పాటిస్తున్నాను. ప్లాస్టిక్ మీద నాకున్న జ్ఞానం వల్ల కాదు, నా పట్టుదల వల్ల కాదు. గిలాసమ్మ అని నవ్వేవాళ్లకు ఇది తెలియదు.

అత్త దినాలు మరిది కొడుకే చేశాడు. ఏ లోటూ చెయ్యలేదు. పిట్టకు పెట్టేటప్పుడు కాకి రాకపోతే, "పెద్దమ్మా, నా మీద కోపమా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. టెంటు కింద బల్లల మీద పరిచిన ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ నిజమే. అవి అతని కొట్టువే. "మంచి రకం దెప్పిచ్చిన వదినా, పెద్దమ్మకు తక్కువ జెయ్యొద్దని" అని నాతో అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, అదే నాకు భరించరానిదైంది. అతనికి నిజంగానే అది గౌరవం.

నేను సంచిలోంచి గిలాస తీసి బల్ల మీద పెట్టాను. అతను గుర్తుపట్టాడు. ముఖం ఎర్రబడింది. "వదినా, గది... కమిటీ సొమ్ము గదా" అన్నాడు. "జుర్మానా వెయ్యి" అన్నాను. ఇంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు, పంక్తిలో అందరూ తలెత్తి చూశారు. చూసి, మళ్లీ తమ ప్లేట్లలోకి తల దించుకున్నారు. టెంటు చివర కింద కూర్చున్న ఒక ముసలామె మాత్రం లేచి వచ్చింది. బోళ్లు తోమే ఆమె. "గిది మన పిల్లది గాదె?" అని గిలాస చేతిలోకి తీసుకుంది. నేను తాగేదాకా ఆగి, తానే బోరింగు దగ్గరికి తీసుకుపోయి కడిగి తెచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో తోమడానికి ఉన్నది అదొక్కటే. ఇస్తూ పేరు మీద బొటనవేలితో రాసి, "మెల్లగ తోము బిడ్డా, చుక్కలు అరుగుతున్నయి" అన్నది.

మెల్లగానే తోముతున్నాను. అయినా అరుగుతున్నాయి. అత్త దినాల్లో తాగి పారేసిన గ్లాసులు ఇప్పటికీ ఆ కాలువలోనో, క్యాంపు తూములోనో ఉంటాయి. వాటి మీద ఎవరి పేరూ లేదు, వాటిని ఎవరూ తలుచుకోరు, అయినా నేను పోయాక, ఆ ఐస్‌క్రీం పిల్ల ముసలిదై పోయాక కూడా అవి అట్లాగే ఉంటాయి. నా గిలాస మీద మాత్రం మొదటి అక్షరం ఇప్పటికే కనపడడం లేదు. తోమినప్పుడల్లా మా వదిన ఇంకొంచెం పోతున్నది.